అతికించిన కన్ను

ఆ వీధిలో ఎందరి మొటిమలు మాయమయ్యాయో, ఎందరి ఎత్తుపళ్లు లోపలికి సర్దుకున్నాయో, ఎన్ని బట్టతలల మీద జుట్టు మొలిచిందో పూర్తిగా తెలిసిన మనిషి ఒక్కడే. అందరూ ఆయన్ని నునుపు మాస్టారంటారు. బళ్లో పాఠాలు చెప్పిన మాస్టారు కాదు, ఫోటో స్టూడియో మాస్టారు. ఆయన చేతిలో పడ్డ ముఖం ఏదైనా మందూ మాకూ లేకుండా నున్నబడిపోతుంది కాబట్టి ఆ పేరు వచ్చింది. అసలు పేరు కొట్టు బోర్డు మీద ఒకప్పుడు ఉండేది. వానకి కారిపోయింది. మళ్లీ రాయించుకోవాలన్న ఆలోచన ఆయనకీ రాలేదు.

ఒకవైపు దర్జీ కొట్టు, ఇంకోవైపు కళ్లద్దాల కొట్టు, మధ్యలో ఆయన స్టూడియో. ముందు గదిలో కౌంటరు, దాని వెనక ఆయన భార్య. లోపలి గదిలో బూడిదరంగు తెర, గొడుగు తొడిగిన రెండు దీపాలు, ఒక స్టూలు. ఆ స్టూలు నాలుగు కాళ్ల కిందా నేల మీద తెల్ల రంగుతో నాలుగు గుర్తులుంటాయి. ముప్పై ఎనిమిదేళ్లుగా స్టూలు ఆ గుర్తుల మీంచి బెత్తెడు జరిగింది లేదు. పెద్ద దీపం ఎప్పుడూ ఎడమ పక్కనే, చిన్నది కుడి పక్కనే. ఊడ్చేటప్పుడు భార్య స్టూలు జరపబోయిందంటే ఆ పూట మాస్టారు అన్నం మీద అలుగుతాడు.

ముఖాలు దిద్దడంలో మాత్రం ఆయన నిజంగా మొనగాడు. కుర్రతనంలో సన్నటి పెన్సిలుతో నెగటివ్ మీద గీసి ముడతలు పూడ్చేవాడు. తర్వాత బ్రష్షు వచ్చింది, ఆ తర్వాత కంప్యూటరు వచ్చింది. పనిముట్లు మారాయి గానీ ఆయన సిద్ధాంతం మారలేదు. మనిషి ఫోటో దిగేది తను ఎలా ఉన్నాడో తెలుసుకోవడానికి కాదు, అది ఇంట్లో అద్దం రోజూ చెబుతూనే ఉంటుంది అంటాడు. ఇందులో ఆయన ఒంటరివాడేం కాదు. పాత కోటల్లో రాజుల చిత్తరువులు వరసగా చూసుకుంటూ పోతే ఒక్క రాజుకీ పన్ను ఊడి ఉండదు, ఒక్క రాణికీ కంటి కింద నలుపుండదు. అంతంత యుద్ధాలు చేసినవాళ్లకి ఒక్క రాత్రయినా నిద్ర చాలకపోవడం జరగలేదంటే నమ్మగలమా? రంగులు కలిపేవాడు ఎవడో పుణ్యం కట్టుకున్నాడన్నమాట. మాస్టారు ఆ వంశంవాడే.

"ఆయన దిద్దిన ఫోటో పట్టుకుని దొంగ కోసం వెతికితే వాడి తమ్ముడు దొరుకుతాడు" అని భార్య వచ్చిపోయేవాళ్లతో అంటూ ఉంటుంది. మాస్టారు దాన్ని మెప్పు కిందే జమ కట్టుకుంటాడు.

అయితే ఆయనకో రహస్యం ఉంది. దిద్దడానికి ముందు తీసిన అసలు ఫోటోలు ఒక్కటీ పారెయ్యడు. వాటిని 'పచ్చివి' అంటాడు. అవన్నీ ఏడాదివారీగా కంప్యూటరులో ఒక మూల దాచి ఉంటాయి. వాటిని ఎవరికీ చూపించడు. వైద్యుడు రోగి గుట్టు దాచినట్టు దాచాను అని తనకి తనే గొప్పగా చెప్పుకుంటాడు. నిజానికి తను ఎంత సాయం చేశాడో జనానికి తెలిస్తే వాళ్లు మనసు కష్టపెట్టుకుంటారని ఆయన భయం. అందరికన్నా ఎక్కువ సాయం అందుకున్నది ఆయన అక్కయ్య.

అక్కయ్యకి అరవై తొమ్మిది. ఒకప్పుడు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పనిచేసింది. చెవులకి తగిలించుకున్న ఫోనుతో ఊరందరి మాటలూ ఒకరి దగ్గర్నుంచి ఒకరికి అందించి అందించి, రిటైరయ్యాక కూడా ఎవరి మాటా పూర్తిగా విననివ్వదు, మధ్యలోనే లైను కోసేస్తుంది. బావగారు పోయాక రెండు వీధుల అవతల ఒక్కతే ఉంటోంది. ఆవిడకున్న ఒకే ఒక్క వ్యసనం సిటీ బస్సు. పెద్దవాళ్లకిచ్చే పాసు చేతికొచ్చిన రోజునుంచీ రోజుకో బస్సెక్కి ఈ చివర్నుంచి ఆ చివరికి పోయి తిరిగొస్తుంది. ఎక్కడికమ్మా అని అడిగితే "ఎక్కడికో పోవాలంటే ఆటోలో పోతాను, ఇది ఊరికే పోవడం" అంటుంది.

ఆ పాసు ఏడాదికోసారి మార్చుకోవాలి. కొత్త ఫోటో కావాలి. అలా తొమ్మిదేళ్లుగా ఏటా అదే నెలలో అక్కయ్య వచ్చి ఆ స్టూలు మీద కూచుంటుంది. మాస్టారు ఫోటో తీస్తాడు, దిద్దుతాడు. మొదటి ఏడు ఆవిడ వయసెంతో తొమ్మిదో ఏడూ ఫోటోలో అంతే. అక్కయ్య ఫోటో చూసుకుని "నేను పెద్దగా మారలేదురా" అంటుంది. "నువ్వేం మారతావక్కా" అంటాడు తమ్ముడు. ఏటా ఇద్దరూ ఇంత తృప్తిగా విడిపోయే పని ఇంకోటి వాళ్ల మధ్య లేదు.

ఈసారి సోమవారం నాడు వచ్చింది. వస్తూనే కౌంటరు దగ్గర కుర్చీలో కూలబడి మరదలితో చెప్పుకొచ్చింది.

"ఇవాళ ఏం జరిగిందో చెబితే నవ్వుతావే మరదలా. స్టాపులో నించున్నానా, మన బస్సులు రెండొచ్చాయి, పక్కపక్కనే. ఎడమది నిండుగా ఉంది. సరే, కుడిదెక్కుదాం అని రెండడుగులేశాను. అక్కడ బస్సే లేదు."

"బస్సు లేకపోవడమేంటి వదినా?"

"లేదంతే. గాల్లో చెయ్యి పెట్టాను, కమ్మీ దొరుకుతుందని. వెనకాయన రెక్క పట్టుకుని లాగాడు. లేకపోతే రోడ్డు మీద పడేదాన్ని."

"నీ కళ్లద్దాలు మార్చుకో అక్కా. పక్క కొట్టే కదా" అన్నాడు మాస్టారు లోపల దీపాలు వెలిగిస్తూ.

"మారుస్తాలే. వారం రోజులుగా ఈ కుడికన్ను వెనకాల ఒకటే నొప్పి. లోపల్నుంచి ఎవరో బొటనవేలు పెట్టి నొక్కుతున్నట్టు."

"బీపీ మాత్రలు వేసుకుంటున్నావా?"

"అవి ఆపేసి మూణ్ణెల్లయింది. చూపించుకుంటే అంతా బాగుందన్నారు. బాగున్నాక మాత్రలెందుకు?"

మాత్రలు వేసుకోబట్టే బాగుందన్న సంగతి ఆ కొట్టులో ముగ్గురికీ తెలుసు. ఎవరూ పైకి అనలేదు. అంటే అక్కయ్య లైను కోసేస్తుంది.

అక్కయ్యని స్టూలు మీద కూచోబెట్టి మాస్టారు కెమెరాలోంచి చూశాడు. అక్కయ్య కుడి కనురెప్ప కొంచెం దిగి ఉంది. నిద్రకళ్ల మనిషిలా. "కళ్లు పెద్దవి చెయ్యక్కా" అన్నాడు. ఎడమ కన్ను పెద్దదైంది, కుడిది కాలేదు. "ఇంకొంచెం." ఎడమకన్ను ఇంకా పెద్దదైంది. ఇక లాభం లేదని మీట నొక్కేశాడు. ఆయన దగ్గర మందు ఉండనే ఉంది.

కంప్యూటరు ముందు కూచుని ముందు ముడతలు తీశాడు, తర్వాత గదవ కింద చర్మం సర్దాడు. అవి తొమ్మిదేళ్ల అలవాటు, చెయ్యి దానంతటదే పోతుంది. కుడికన్ను దగ్గర ఆగాడు. రెప్పని ఎత్తబోతే అతుకు తెలుస్తోంది. పైగా ఆ కంట్లో నల్లటి పాప ఎందుకో పెద్దదిగా ఉంది, రెండోదానితో పోలిస్తే వేరే మనిషిదిలా ఉంది. అప్పుడు తన వృత్తిలో అందరూ చేసే పనే ఆయనా చేశాడు. బాగున్న ఎడమ కన్నుని తీసి, అటుదిటు తిప్పి, కుడికన్ను మీద అతికించాడు. చుట్టూ రాసి కలిపేశాడు. కుర్చీలో వెనక్కి వాలి చూసుకుంటే అక్కయ్య చక్కగా, రెండు కళ్లూ సమానంగా తెరుచుకుని, కొత్తగా ఉద్యోగంలో చేరిన దానిలా ఉంది.

ఇదే ఆయన తప్పు. ఇంకో మనిషి ఎవరైనా అయితే ఆ కన్ను చూసి ఏదో ఒక మాట అనేవాడు. చూడటం చేతకానివాడు ఎవడూ ఈ తప్పు చెయ్యలేడు. ముఖంలో వెంట్రుకంత తేడా పట్టుకోగలిగినవాడు, పట్టుకోగానే దాన్ని పూడ్చేసేవాడు మాత్రమే చెయ్యగలడు.

బుధవారం పొద్దున పదకొండింటికి అక్కయ్య స్టూడియోలోకి సుడిగాలిలా వచ్చి ఫోటోల కవరు కౌంటరు మీద పడేసింది.

"ఒరేయ్, ఇటురా. పాసుల కౌంటర్లో నన్నెంత మాటన్నాడో విను."

మాస్టారు బయటికొచ్చాడు.

"ఫోటో చూశాడు, నన్ను చూశాడు. మళ్లీ ఫోటో చూశాడు. 'ఎవరి ఫోటో అమ్మా ఇది, మీ చెల్లెలిదా?' అన్నాడు. నాదే బాబూ అన్నాను. 'ఫోటోలో ఆవిడకి రెండు కళ్లూ తెరిచున్నాయి, మీకు ఒకటే తెరిచుంది' అన్నాడు. వెనకాల లైను లైనంతా నవ్వింది. తొమ్మిదేళ్లు ఇదే కౌంటర్లో పాసు తీసుకున్నాను, ఎప్పుడైనా ఎవరైనా నోరెత్తారా?"

మాస్టారు ఆవిణ్ణి చూశాడు. సోమవారం కొంచెం దిగి ఉన్న రెప్ప ఇవాళ ముప్పాతిక దిగిపోయింది. ఆ సందులోంచి కనిపిస్తున్న కంటిపాప బయటివైపుకి, కిందికి తిరిగి ఉంది. ఎవరినో చాటుగా చూస్తున్నట్టు.

ఈలోగా భార్య కవరులోంచి ఫోటో తీసి కిటికీ వెలుగులో పట్టుకుంది. ఆవిడ కౌంటరు దాటి పని నేర్చుకోలేదని అందరూ అనుకుంటారు గానీ ముప్పై ఎనిమిదేళ్లు పక్కన కూచుంటే తలుపు కూడా ఎంతో కొంత నేర్చుకుంటుంది.

"ఏమండీ, మన పెద్ద దీపం ఏ వైపుంటుంది?"

"ఎడమ."

"మరి కంట్లో మెరుపు చుక్క రెండు కళ్లలోనూ ఒకే వైపుండాలి కదా. ఇందులో ఒకటి అటుంది, ఒకటి ఇటుంది. రెండు చుక్కలూ ముక్కు వైపు చూసుకుంటున్నాయి."

మాస్టారు ఫోటో అందుకుని చూశాడు. ముప్పై ఎనిమిదేళ్లలో అంత పొరపాటు ఆయన చెయ్యలేదు. మెరుపు చుక్క తిప్పడం మర్చిపోయాడు.

"ఈ కుడికన్ను వదినది కాదు కదూ?" అంది భార్య మెల్లగా.

"అక్కదే. ఎడమది."

అక్కయ్య ఇద్దరినీ మార్చి మార్చి చూసింది, ఒక్క కంటితో. "నా కన్ను తీసేసి నా కన్నే పెట్టావట్రా? ఎందుకు?"

మాస్టారు ఫోటో తిరగేసి కౌంటరు మీద పెట్టాడు. "కొంచెం వాలినట్టుంటే... నిద్ర చాలలేదేమో అనుకున్నాను."

"నిద్రే. ఇవాళ చాలా నయం. సోమవారం రెండుగా కనిపించిన బస్సు ఇవాళ ఒక్కటే కనిపించింది. తగ్గిపోయినట్టే."

ఆ మాట పక్కకొట్టు కళ్లద్దాలాయన చెవిన పడింది. ఆయన చిల్లర మార్చుకోవడానికని గుమ్మంలోకి వచ్చి, గొడవ ఆసక్తిగా ఉండటంతో అక్కడే ఆగిపోయాడు. పొడుగ్గా, గొణుగుతున్నట్టు మాట్లాడే మనిషి.

"అక్కగారూ, ఒక్క నిమిషం" అంటూ దగ్గరికొచ్చి, దిగిన రెప్పని వేలితో మెల్లగా పైకెత్తాడు. "ఇప్పుడు నన్ను చూడండి. ఎంతమంది ఉన్నాను?"

అక్కయ్య ఆయన్నీ, ఆయన పక్కన ఖాళీనీ చూసింది. "ఇద్దరు" అంది.

"వదిలేస్తే?"

"ఒకరు."

"తగ్గలేదండీ. రెప్ప మూసుకుపోయింది, అందుకని ఒకటి కనిపిస్తోంది." జేబులోంచి చిన్న టార్చి తీశాడు. ఎడమ కంట్లో వెయ్యగానే పాప చటుక్కున చిన్నదైంది. కుడికంట్లో వేశాడు. అది అలాగే, నల్లగా, పెద్దగా ఉండిపోయింది. ఇంకోసారి వేశాడు. టార్చి ఆర్పేసి మాస్టారి వైపు తిరిగాడు. గొణుగుడు లేదు. "ఇది అద్దాలతో అయ్యే పని కాదు. పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి. రేపు కాదు, ఇవాళ సాయంత్రం కాదు, ఇప్పుడు. తలకి స్కాను తీసేచోటికి. కనురెప్ప వాలి, పాప పెద్దదై, కంటి వెనక నొప్పి వచ్చిందని అక్కడ చెప్పండి. ఈ మూడూ కలిపి చెప్పండి."

"రేపు పాసు గడువైపోతుంది" అంది అక్కయ్య.

"అక్కా."

"ముందు మంచి ఫోటో తియ్యి. పాసు మార్చుకుని, శుక్రవారం వెళ్దాం ఆసుపత్రికి. కన్ను వాలితే ప్రాణం పోతుందా? మన అమ్మకి కళ్లు ఎప్పుడూ వాలే ఉండేవి."

"వదినా, ఆయన చెబుతున్నాడు కదా" అంది మరదలు.

"ఆయన కళ్లద్దాలమ్ముకునేవాడు. కొత్త జత అమ్ముతాడనుకున్నాను, అదీ లేదు." కుర్చీ చేతులు పట్టుకుని కూచుంది. ఆవిడ అలా కూచుందంటే క్రేను కావాలి.

కళ్లద్దాలాయన మాస్టారిని చూశాడు. భార్య మాస్టారిని చూసింది. అక్కయ్యకి తమ్ముడు చెప్పిన మాట అరవై ఏళ్లలో ఒక్కటీ చెవికెక్కలేదు. ఆవిడ నమ్మేది తమ్ముడు తీసిన ఫోటోని మాత్రమే. ఆ సంగతి మాస్టారికీ తెలుసు. చెయ్యగలిగింది ఒకటే కనిపిస్తోంది, అది ఆయన చచ్చినా చెయ్యకూడదనుకున్న పని.

"లోపలికి రా అక్కా. ఒకటి చూపిస్తాను. చూశాక కూడా శుక్రవారమే అంటే శుక్రవారమే."

కంప్యూటరు ముందు కూచోబెట్టి పచ్చివి తెరిచాడు. తొమ్మిది ఏళ్లవి తొమ్మిది ఫోటోలూ, ఈ సోమవారానిది పదోదీ, వరసగా పెట్టాడు.

అక్కయ్య తెర మీదికి వంగింది. మొదటి ఫోటోలో ఉన్నావిడ అక్కయ్యకి పరిచయమే. రెండోదాంట్లో ఆవిడకి మూతి పక్కన గీతలు పడ్డాయి. నాలుగో ఏడు, బావగారు పోయిన ఏడు, కళ్ల కింద గుంటలు లోతుగా దిగాయి. ఆరోదానికి మెడ జారింది. ఎనిమిదోదానికి పై పెదవి మీద పలచటి మీసం కూడా ఉంది. మాస్టారు నేల చూపులు చూస్తున్నాడు.

"ఈ ముసలావిడెవరురా?" అంది అక్కయ్య చివరికి.

"నువ్వే అక్కా."

"మరి తొమ్మిదేళ్లూ నాకిచ్చినవి?"

"అవీ నువ్వే. కొంచెం... సర్దాను."

"మీసం కూడా తీశావా?"

"మీసం మొట్టమొదట తీశాను."

మరదలు గుమ్మం దగ్గర చీర చెంగు నోటికడ్డం పెట్టుకుంది. అక్కయ్య ఆ పది ముఖాలనీ మళ్లీ మొదట్నుంచి చూసుకుంటూ వచ్చింది. కోపం వస్తుందని మాస్టారు ఎదురుచూశాడు. రాలేదు. ఎక్కడో పాత ఎక్స్ఛేంజిలో గంట మోగితే ఏ లైనులోంచో చెవి పెట్టి వెతికేటప్పటిలా ఆవిడ ముఖం బిగిసింది.

"ఇప్పుడు కళ్లు మాత్రమే చూడక్కా" అన్నాడు. "స్టూలు అక్కడే ఉంది. దీపాలు అక్కడే ఉన్నాయి. నువ్వు కూచునే తీరూ అదే. తొమ్మిదేళ్లు రెండు రెప్పలూ ఒకే ఎత్తున ఉన్నాయి, రెండు పాపలూ ఒకే సైజున్నాయి. ముడతలొచ్చాయి గానీ అవి రెండు వైపులా వచ్చాయి. ఇది ఒక్క వైపే వచ్చింది. ఈ ఒక్క ఏడే వచ్చింది. నేను సోమవారమే చూశాను. చూసి పూడ్చేశాను." తెర మీద పదో ఫోటోకి వేలు ఆనించాడు. "ఆ పాసుల కౌంటరాయన నిన్ను నవ్వులపాలు చేశాడు గానీ, నీ ముఖం ఉన్నదున్నట్టు మొదట చూసింది ఆయనే."

అక్కయ్య లేచింది. "ఆటో పిలువు" అంది. గుమ్మం దగ్గర ఆగి, "పదోదాంట్లో గదవ మరీ అంత లేదు, నీ కెమెరా బాగాలేదు" అని కూడా అంది.

ఆసుపత్రుల ముందు హాళ్లు ఏ ఊళ్లో చూసినా ఒకటే. ఒకదానికొకటి బిగించిన కుర్చీలు, నంబరు పిలిచే మనిషి, చేతిలో కాగితం పట్టుకుని తప్పు గదిలోకి వెళ్లే ఒకాయన. కళ్లద్దాలాయన చెప్పమన్న మూడు ముక్కలూ మాస్టారు గుక్క తిప్పుకోకుండా చెప్పేసరికి ఆ హాలు వాళ్ల విషయంలో ఒక్కసారిగా దారిచ్చింది. అరగంటలో స్కాను గదిలో ఉన్నారు. ఇంకో గంటకి డాక్టరమ్మ వాళ్లని కూచోబెట్టింది. సన్నగా, అలిసిపోయినట్టున్న చిన్న వయసు మనిషి. మాటలు మాత్రం నెమ్మదిగా, ఒక్కొక్కటీ పేర్చినట్టు.

"తలలో ఒక రక్తనాళం గోడ పలచబడి చిన్న బుడగలా ఉబ్బింది. దాన్ని అన్యూరిజం అంటాం. ఆ నాళం పక్కనుంచే కంటిని కదిపే నరం వెళ్తుంది. ఇరుకు సందులో ఇంటి గోడ ఉబ్బితే నడిచేవాడి భుజానికి తగులుతుంది చూడండి, అలా ఆ బుడగ నరాన్ని నొక్కుతోంది. అందుకే రెప్ప పడిపోయింది, పాప పెద్దదయింది, రెండేసి కనిపించాయి."

"అయితే దాంతో అంత ప్రమాదమేం లేదన్నమాట" అంది అక్కయ్య.

"చాలామందిలో చిన్న చిన్నవి ఉంటాయి, జన్మలో ఎప్పుడూ బయటపడవు. వాటిని చూస్తూ ఊరుకుంటాం. మీది నొక్కుతోందంటే పెరుగుతోందని. పగిలితే ఇలా తీరిగ్గా మాట్లాడుకునే వీలుండదు. ఒక్క క్షణంలో, బతుకులో ఎన్నడూ రానంత తలనొప్పి. వాంతి, మెడ పట్టేయడం, వెలుతురు చూడలేకపోవడం, స్పృహ తప్పడం. అందరికీ ముందుగా ఇలా కబురు రాదమ్మా. మీకు వచ్చింది." పెన్ను చేతిలోకి తీసుకుంది. "బీపీ ఉందా?"

అక్కయ్య తమ్ముడి వైపు చూసింది. తమ్ముడు గోడ వైపు చూశాడు. "ఉంది. మాత్రలు ఆపాను" అంది ఆవిడే.

"సిగరెట్టు?"

"నేను కాదు. వీడు."

"ఇంట్లో ఎవరైనా ఇలా హఠాత్తుగా, తలనొప్పితో పోయారా?"

"లేదు" అన్నారు ఇద్దరూ ఒకేసారి. తర్వాత అక్కయ్య అంది, "అమ్మ హఠాత్తుగానే పోయిందిగానీ అది ఎండదెబ్బ. దండెం దగ్గర నించుని నెత్తి మీద చెయ్యి పెట్టుకుని 'ఎవరో సుత్తితో కొట్టినట్టుందే' అంది, పడిపోయింది. అప్పటికి ఆవిడకి యాభై నాలుగేళ్లు."

"ఏ నెలలో?"

ఇద్దరూ ఆలోచించారు. మాస్టారికి ఆ దండెం కనిపించింది. తడి బట్టలు, వాటిలో బరువుగా వేలాడుతున్న తన బడి స్వెట్టరు.

"అక్కా, అప్పుడు చలికాలం" అన్నాడు.

అక్కయ్య వేళ్ల మీద నెలలు లెక్కపెట్టుకుంది. నలభై ఏడేళ్లుగా ఆ ఇంట్లో అందరూ ఎండదెబ్బ అనే చెప్పుకున్నారు. ఎవరు మొదలుపెట్టారో తెలియదు. ఎవరో పెద్దవాళ్లు, పిల్లలకి అర్థమయ్యేలా ఏదో ఒకటి చెప్పాలని చెప్పి ఉంటారు. అది ఎంత నున్నగా అతికిందంటే స్వెట్టరు ఆరేస్తూ ఎండదెబ్బ ఎలా తగిలిందని ఒక్కరూ అడగలేదు.

డాక్టరమ్మ కాగితం మీద రాసుకుంది. "ఇవాళే చేర్చుకుంటున్నాం. తొడ దగ్గర నాళంలోంచి సన్నటి గొట్టం తలదాకా పంపి, ఆ బుడగలో మెత్తటి తీగ చుట్టి నింపేస్తాం. ప్రమాదం అసలు లేదనను. ఆలస్యం చేస్తే మాత్రం ఇంకా ఎక్కువ." పెన్ను మూస్తూ మాస్టారి వైపు చూసింది. "మీ అమ్మగారికి వచ్చిందీ ఇదే అయి ఉండొచ్చు. అక్కగారికి ఇదే అని తేలింది. మీరు సిగరెట్టు కాలుస్తారు. మీరూ ఒక స్కాను తీయించుకోవాలి."

"ముందు అక్క సంగతి కానివ్వండి" అన్నాడు మాస్టారు చాలా ఉదారంగా.

ఆ పని మర్నాడు పొద్దున మొదలై నాలుగు గంటలు పట్టింది. మాస్టారు హాల్లో ఒకే కుర్చీలో కూచున్నాడు. ఎదురుగా వచ్చేపోయేవాళ్ల ముఖాలు చూశాడు. ఎవరి ముఖంలోనూ ఏదీ సర్దాలనిపించలేదు. ఒకాయన పెదవి ఒక పక్కకి ఉంది, అది పుట్టుకతోనేనా లేక ఈ మధ్యేనా అని లేచి వెళ్లి అడగబోతే భార్య చొక్కా పట్టుకుని కూచోబెట్టింది.

డాక్టరమ్మ బయటికొచ్చి "బాగా జరిగింది" అన్నప్పుడు ఆయన లేవబోయి లేవలేకపోయాడు. కాలు తిమ్మిరెక్కిందని చెప్పాడు. భార్య ఒప్పుకుంది.

అక్కయ్య రెప్ప వెంటనే లేవలేదు. నరం నలిగింది కదా, కోలుకోవడానికి నెలలు పడుతుందన్నారు. మొదట సందులోంచి వెలుగొచ్చినట్టు కొంచెం లేచింది, తర్వాత సగం, మూణ్ణెల్లకి దాదాపు మొత్తం. ఈలోపు ఆవిడ మాత్రలు రోజూ వేసుకుంటోందో లేదో చూడటానికి మరదలు రెండు పూటలా ఫోన్ చేసేది. అటునుంచి "వేసుకున్నాను" అని లైను కట్టయ్యేది.

పాసు గడువు ఎప్పుడో దాటిపోయింది. నాలుగో నెల మొదట్లో అక్కయ్య వచ్చి స్టూలు మీద కూచుంది. "ఇవాళ ఫోటో మాత్రం తియ్యి. ఏదీ ముట్టుకోకు."

"మీసం కూడానా?"

వేలితో పై పెదవి తడుముకుంది. "మీసం తీసెయ్యి. అది జబ్బు కాదు."

పాసుల కౌంటరాయన ఫోటో చూశాడు, ఆవిణ్ణి చూశాడు, ముద్ర కొట్టాడు. ఒక్క ప్రశ్న అడగలేదు. అడగలేదని అక్కయ్యకి కొంచెం చిన్నతనమే అయింది. ఆ పాసు చేత్తో పట్టుకుని తిన్నగా స్టూడియోకి వచ్చింది. కౌంటరు మీద ఒక కాగితం పెట్టింది. అంతకుముందే ఆసుపత్రిలో మాస్టారి స్కానుకి తేదీ వేయించి ఉంచింది.

"ఈ వారం పెళ్లి ఆర్డర్లున్నాయక్కా. వచ్చే నెల."

"శుక్రవారం వెళ్దామని నేనంటే ఏం చేశావు నువ్వు?"

"నాకేం లేదు. రోజూ అద్దంలో చూసుకుంటూనే ఉన్నాను."

"అద్దం మాట నువ్వు నమ్మితే నీ కొట్టు నడిచేదా?" అంది అక్కయ్య. కౌంటరు వెనకనుంచి భార్య చెయ్యి చాపింది. మాస్టారు చొక్కా జేబులోంచి సిగరెట్టు పెట్టె తీసి ఆ చేతిలో పెట్టాడు. రెండో జేబు వైపు ఆవిడ చూపు మళ్లగానే రెండోదీ పెట్టాడు.

స్కాను బొమ్మ తెర మీద చూపించినప్పుడు బూడిదరంగు చెట్టులా కొమ్మలు కొమ్మలుగా కనిపించింది ఆయన తల. డాక్టరమ్మ ఒక్కో కొమ్మ మీదుగా వేలు పోనిచ్చింది. మాస్టారు ముందుకు వంగాడు. అలవాటు ఊరుకోనివ్వలేదు. "ఈ ఎడమ మూల కొంచెం నల్లగా వచ్చిందండీ, వెలుతురు పెంచితే..."

"మీరు ముట్టుకోకండి" అంది డాక్టరమ్మ. "ఉబ్బు ఏదీ లేదు. ఇప్పటికి లేదు. ఇక ముందు రాదని కాదు. సిగరెట్టు మానండి, బీపీ చూపించుకుంటూ ఉండండి, కొన్నేళ్లకి మళ్లీ ఒకసారి తీద్దాం. తలనొప్పి అలా సుత్తితో కొట్టినట్టు వస్తే మాత్రం ఫోటోలు దిద్దుతూ కూచోకండి."

బయటికొచ్చి స్టాపులో నించున్నారు. మాస్టారికి ఆటో పిలుద్దామని ఉంది. అక్కయ్య ఒప్పుకోలేదు. చేతిసంచీలోంచి కొత్త పాసు తీసి, అందులో ముఖాన్ని ఒకసారి పరీక్షగా చూసుకుని, మళ్లీ లోపల పెట్టుకుంది. మలుపు దగ్గర బస్సు కనిపించింది.

"ఎన్నొస్తున్నాయక్కా?" అన్నాడు మాస్టారు.

అక్కయ్య రెండు కళ్లూ పెద్దవి చేసి చూసింది. రెండూ పెద్దవయ్యాయి.

"ఒకటే. కమ్మీ గట్టిగా పట్టుకుని ఎక్కు, నీకింకా అలవాటు లేదు."